కంటికి అందని కదలికను కాగితంపై రాయించిన ఎటియెన్ జూల్ మారే

మనిషి ఏడాది నిండే వేళకు నడక నేర్చుకుంటాడు. ఆ తరువాత జీవితాంతం నడుస్తూనే ఉన్నా, ఒక అడుగు తీసి మరొక అడుగు వేయడంలో ఏమి జరుగుతున్నదో గమనించేవారు అరుదు. పరుగెత్తేవాని రెండు పాదాలూ ఒకే క్షణంలో నేలను విడుస్తాయా? దూకేవాడు పైకి లేచేముందు నేలను ఎంత బలంగా నొక్కుతాడు? ఎత్తు నుండి దిగేటప్పుడు మోకాళ్ళు వంచినవానికీ, బిగబట్టినవానికీ తేడా ఏమిటి? ఇటువంటి ప్రశ్నలకు నేడు క్రీడా శిక్షకులు, వైద్యులు కొలిచి సమాధానం చెప్పగలుగుతున్నారు. ఈ విద్యను బయోమెకానిక్స్ అంటారు. తెలుగులో జీవ యాంత్రిక శాస్త్రం అనవచ్చు. శరీరంలో బలం ఎక్కడ పుడుతున్నది, ఎక్కడ ఖర్చవుతున్నది, ఎక్కడ దెబ్బగా తగులుతున్నది అని యంత్రసూత్రాల ప్రకారం విచారించే శాస్త్రమిది.

దీనికి బీజాలు పదిహేడవ శతాబ్దంలోనే పడ్డాయి. ఇటలీ దేశీయుడైన బొరెల్లి మన ఎముకలను మీటలుగా, కీళ్ళను ఆధారాలుగా భావించి లెక్కలు కట్టారు. ఏతంలో ఇరుసుకు ఒకవైపు దూలం పొడవుగా, మరొకవైపు పొట్టిగా ఉంటుంది. పొట్టి వైపు నుండి లాగితే ఎక్కువ బలం కావాలి. మన ముంజేయి అటువంటిదే. చేతిలోని బరువు మోచేతికి దూరంగా ఉంటే, దానిని లేపే కండరం మోచేతికి అతి దగ్గరలో అంటుకొని ఉంటుంది. కాబట్టి చేతిలో ఉన్న బరువుకు అనేక రెట్ల బలంతో కండరం లాగవలసి వస్తుంది. అటు తరువాత 1836లో జర్మనీకి చెందిన వెబర్ సోదరులు మానవుని నడకపై ఒక గ్రంథం వెలువరించారు.

అయినా ఒక చిక్కు మిగిలిపోయింది. నిలకడగా ఉన్న శరీరాన్ని లెక్కకట్టవచ్చు గాని, వేగంగా కదిలే శరీరం కంటికి నిలవదు. చూసినవారు తాము చూశామనుకున్నదే చెబుతారు. ఈ చిక్కును విడదీయడానికి ఒక ఫ్రెంచి వైద్యుడు తన జీవితాన్ని వెచ్చించారు. ఆయనే ఎటియెన్ జూల్ మారే.

తండ్రి కోరిక, కుమారుని మనసు

మారే 1830 మార్చి 5వ తేదీన ఫ్రాన్సు దేశంలోని బోన్ పట్టణంలో జన్మించారు. అది ద్రాక్షతోటలకు, ద్రాక్షసారా వ్యాపారానికి పేరుపడిన బర్గండీ ప్రాంతం. తండ్రి ఆ వ్యాపార సంస్థలోనే ఉద్యోగం చేసేవారు. చిన్ననాటి నుండి మారేకు చేతిపని మీద మక్కువ. దొరికిన వస్తువులతో బొమ్మలు, చిన్న యంత్రాలు చేసేవారు. ఇంజనీరు కావాలన్నది ఆయన కోరిక. తండ్రి మాత్రం కుమారుడు వైద్యుడు కావాలని పట్టుబట్టారు. తండ్రి మాట కాదనలేక మారే 1849లో పారిస్ వైద్య కళాశాలలో చేరారు.

చదువు వైద్యమైనా మనసు యంత్రాలను విడువలేదు. ఈ రెండింటి కలయికే ఆయన భవిష్యత్తును తీర్చింది. గుండె ఒక పంపు వంటిది, రక్తనాళాలు సాగే గొట్టాల వంటివి అని భావించి ఆయన రక్తప్రసరణపై పరిశోధన చేశారు. 1859లో వైద్యపట్టా పుచ్చుకున్నారు.

ఆ రోజుల్లో వైద్యుడు రోగి మణికట్టు పట్టుకొని నాడి చూసి, వేళ్ళకు తెలిసినదానిని మాటల్లో చెప్పేవాడు. ఒక వైద్యుని వేలికి తెలిసినది మరొకరికి చూపించే వీలుండేది కాదు. మారే 1860లో ఈ లోటు తీర్చే పరికరాన్ని నిర్మించారు. మణికట్టు దగ్గర నాడిపై ఒక తేలికపాటి మీట ఆనుతుంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా ఆ మీట కొన లేచి దిగుతూ, గడియారపు యంత్రంతో జరిగే కాగితంపై వంకర గీత గీస్తుంది. అంతవరకు వేలికి మాత్రమే తెలిసిన నాడి కాగితంపై నిలిచిపోయింది. ఇద్దరు వైద్యులు ఒకే గీతను ముందు పెట్టుకొని చర్చించుకోగలిగారు. ఈ పరికరం త్వరలోనే అనేక దేశాల వైద్యుల చేతికి చేరింది.

ఈ విజయం మారేకు ఒక జీవితకాల సూత్రాన్ని నేర్పింది. శరీరం గురించి చూసేవారు చెప్పడం కంటే, శరీరమే తన సంగతి తాను రాసుకొనేటట్లు చేయడం మేలు అన్నదే ఆ సూత్రం. పారిస్‌లో ఒక పాత నాటకశాల భవనంలో ఆయన సొంత ప్రయోగశాల పెట్టుకున్నారు. పశువైద్య శాస్త్రజ్ఞుడు షొవోతో కలిసి గుర్రపు గుండె కదలికలను నమోదు చేశారు. 1869లో కాలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్య పదవి లభించింది.

గాలి తిత్తుల చెప్పులు

గుండె తరువాత ఆయన దృష్టి నడక మీదకు మళ్ళింది. ఆయన ప్రయోగశాలలో గాస్తోన్ కార్లే అనే పరిశోధకుడు కూడా ఇదే విషయంపై కృషి చేసి 1872లో సిద్ధాంతగ్రంథం సమర్పించారు.

ఇందుకు వాడిన సాధనం ఎంతో సరళమైనది. చెప్పు అడుగున రబ్బరుతో చేసిన చిన్న గాలి తిత్తి ఉంటుంది. దాని నుండి సన్నని గొట్టం నడిచేవాని చేతిలోని పెట్టెకు చేరుతుంది. పాదం నేలను తాకగానే తిత్తి నొక్కుకొని, గాలి గొట్టం గుండా పోయి ఒక పలుచని పొరను ఉబ్బిస్తుంది. ఆ పొరపై ఆనిన ముల్లు తిరుగుతున్న కాగితంపై గీత గీస్తుంది. పాదం లేవగానే ముల్లు దిగుతుంది. నడిచేవాడు తన నడకను తానే రాసుకుంటూ పోతాడు.

ఆ గీతలు నడకకూ పరుగుకూ గల తేడాను స్పష్టం చేశాయి. నడకలో ఎప్పుడూ కనీసం ఒక పాదమైనా నేలమీద ఉంటుంది. ఒక కాలు దించి మరొక కాలు లేపే మధ్య స్వల్పకాలం రెండు పాదాలూ నేలపై ఉంటాయి. పరుగులో ఆ స్థితి మాయమై, రెండు పాదాలూ నేలను విడిచి శరీరం గాలిలో ఉండే కాలం వస్తుంది. నేటికీ నడక పోటీలలో న్యాయనిర్ణేతలు చూసేది దీనినే. కంటికి కనిపించేటట్లుగా నేలతో సంబంధం తెగితే అది నడక అనిపించుకోదు.

గుర్రపు డెక్కలకు కూడా ఇటువంటి తిత్తులు అమర్చారు. గుర్రం దౌడు తీసేటప్పుడు ఒక దశలో నాలుగు కాళ్ళూ నేలను విడుస్తాయని ఆ గీతలు తెలిపాయి. ఈ విషయాలతో మారే 1873లో ప్రాణియంత్రం అనే అర్థం వచ్చే పేరుతో ఒక గ్రంథం ప్రకటించారు.

ఆ గ్రంథం సముద్రం దాటి అమెరికా చేరింది. కాలిఫోర్నియా రాష్ట్రానికి పూర్వం గవర్నరుగా పనిచేసిన లీలాండ్ స్టాన్‌ఫర్డ్ గుర్రాల పెంపకంలో ఆసక్తి గలవారు. ఆయన ప్రోత్సాహంతో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఛాయాచిత్రకారుడు 1878లో కెమెరాలను వరుసగా అమర్చి పరుగెత్తే గుర్రాన్ని చిత్రించారు. ముల్లు గీసిన గీత చెప్పినదే ఛాయాచిత్రాలలోనూ కనిపించింది. ఆ చిత్రాలు ఫ్రెంచి పత్రికలో చూసిన మారే ఎంతో సంతోషించారు. 1881లో మైబ్రిడ్జ్ పారిస్ వచ్చినప్పుడు తన ఇంట సన్మానించారు.

పేలని తుపాకీ

తిత్తులను, గొట్టాలను మనిషికీ గుర్రానికీ కట్టవచ్చు గాని, స్వేచ్ఛగా ఎగిరే పక్షికి కట్టడం కష్టం. అందుకు ఛాయాచిత్రమే దారి అని మారే గ్రహించారు. అయితే మైబ్రిడ్జ్ పద్ధతిలో అనేక కెమెరాలు కావాలి. ఒక్కొక్క చిత్రం ఒక్కొక్క చోటి నుండి తీసినదవుతుంది. చిత్రానికీ చిత్రానికీ మధ్య కాలం కూడా కచ్చితంగా సమానం కాదు. ఒకే చోటి నుండి, ఒకే కటకంతో, సమానమైన వ్యవధిలో చిత్రాలు రావాలని మారే కోరిక.

1882లో ఆయన ఒక విచిత్రమైన తుపాకీని తయారుచేశారు. గొట్టంలో తూటాకు బదులు కటకం, వెనుక గుండ్రంగా తిరిగే ఛాయాచిత్ర ఫలకం ఉంటాయి. మీట నొక్కితే సెకనుకు 12 చిత్రాలు పడతాయి. ఒక్కొక్క చిత్రానికి వెలుగు సోకే కాలం సెకనులో 720వ వంతు మాత్రమే. చలికాలంలో ఆయన ఇటలీలోని నేపుల్స్ నగర సమీపాన గల పోసిల్లిపోలో తన ఇంట ఉండేవారు. సముద్రపు పక్షుల మీద తుపాకీ గురిపెట్టి, ఒక్కసారీ పేల్చకుండా, ఆనందంగా ఇంటికి వెళ్ళిపోయే ఈ మనిషిని చూసి అక్కడివారు పోసిల్లిపో వెర్రివాడు అని నవ్వుకొనేవారని చెబుతారు.

ఓడిన దేశం, పుట్టిన మైదానం

1870-71లో జరిగిన యుద్ధంలో ఫ్రాన్సు జర్మన్ల చేతిలో ఓడిపోయింది. తమ సైనికుల శరీర దారుఢ్యం చాలలేదన్న బాధ ఆ దేశాన్ని పట్టుకున్నది. పిల్లలకు కసరత్తు నేర్పాలన్న ఉద్యమం బయలుదేరింది. 1880లో ప్రభుత్వ బాలుర పాఠశాలల్లో వ్యాయామాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అయితే ఏ వ్యాయామం? ఎంతసేపు? ఏ పద్ధతిలో? కసరత్తు గురువులు ఎవరి సంప్రదాయం వారిదే గొప్పదని వాదించారు. కొలిచి చూపినవారు లేరు. పిల్లల శరీరాలు మాత్రం ఆ వాదాల మధ్య నలిగేవి.

ఈ స్థితిలో మారే ప్రతిపాదనకు ఆదరణ లభించింది. పారిస్ నగరపాలక సంస్థ స్థలం, ప్రభుత్వం ధనం ఇచ్చాయి. 1882లో పార్క్ దే ప్రిన్స్ అనే చోట శరీరధర్మ పరిశోధన కేంద్రం మొదలైంది. నాలుగు గోడల మధ్య కాకుండా ఆరుబయట మనిషి కదలికను పరిశీలించేందుకు అంత విస్తారంగా ఏర్పడిన కేంద్రం అది. దీని నిర్వహణలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు జార్జ్ దెమెనీ. ఈయన స్వయంగా కసరత్తు చేసినవారు, వ్యాయామ విద్యను శాస్త్రబద్ధం చేయాలన్న తపన గలవారు.

అక్కడ 500 మీటర్ల చుట్టుకొలత గల వృత్తాకారపు బాట వేశారు. బాట పొడవునా సమాన దూరాల్లో తంతి స్తంభాలు నిలిపారు. నడిచేవాడు ఒక్కొక్క స్తంభాన్ని దాటగానే ఆ సంగతి విద్యుత్తు ద్వారా లోపలి పరికరానికి చేరి కాగితంపై నమోదయ్యేది. అడుగుల లయ చెప్పడానికి గంట మోగించేవారు. లయను క్రమంగా పెంచుతూ పోయి మారే ఒక ముఖ్యమైన సంగతి గ్రహించారు. గంట వేగం పెంచినకొద్దీ కొంతవరకు అడుగు పొడవు కూడా పెరుగుతుంది. ఒక హద్దు దాటిన తరువాత అడుగు కురచ అవుతుంది. ఇంకా తొందరపెడితే కాళ్ళు వేగంగా ఆడుతున్నా మనిషి ముందుకు సాగే వేగం తగ్గిపోతుంది. తొందరపాటు వేరు, వేగం వేరు అన్నమాట. పరుగు పందెంలో అడుగు పొడవు, అడుగుల సంఖ్య అనే రెండింటి పొందికను చూడాలని నేటి శిక్షకులు చెప్పేది ఈ సంగతినే.

పాదరక్ష మడమ ఎత్తుగా ఉంటే అడుగు కురచ అవుతుందని, తక్కువగా ఉంటే అడుగు సాగుతుందని కూడా ఆయన గమనించారు. బరువు మోసేవాని అడుగు, ఖాళీగా నడిచేవాని అడుగు కంటే చిన్నదని తేల్చారు.

ఇంతకు ముందే, 1870ల నడుమ, బండి లాగే విషయంలో ఆయన చేసిన మరొక ప్రయోగం రైతు కుటుంబాలకు సులభంగా బోధపడేది. బండికీ దానిని లాగేవానికీ మధ్య బిగుసైన తాడు ఉంటే, రాయి అడ్డం వచ్చినప్పుడల్లా కుదుపు నేరుగా భుజానికి తగులుతుంది. మధ్యలో కొంచెం సాగే పట్టీ అమర్చితే ఆ కుదుపును పట్టీ తనలో దాచుకొని మెల్లగా తిరిగి ఇస్తుంది. అదే పనికి శ్రమ తగ్గుతుంది. మన కండరాలు, వాటిని ఎముకకు కట్టే స్నాయువులు ఇలా సాగే గుణం గలవే. శరీరం కుదుపులను మింగి, బలాన్ని సాఫీగా ఇచ్చేది ఆ గుణం వల్లనే.

నల్ల దుస్తులు, తెల్ల గీతలు

పరిశోధన కేంద్రంలో మారే తుపాకీని పక్కనపెట్టి, ఒకే ఫలకంపై వరుసగా అనేక చిత్రాలు పడే కెమెరాను రూపొందించారు. వెనుక లోతైన నల్లని కొట్టం, దాని ముందు తెల్లని దుస్తులు ధరించిన మనిషి. కటకం ముందు చిల్లులున్న చక్రం తిరుగుతూ వెలుగును సమానమైన వ్యవధిలో లోపలికి పంపేది. పరుగెత్తేవాని వరుస భంగిమలన్నీ ఒకే చిత్రంలో కనిపించేవి.

అయితే భంగిమలు ఒకదానిపై ఒకటి పడి గజిబిజి అయ్యేవి. అప్పుడు మారే ఎదురు ఉపాయం పన్నారు. మనిషికి తల నుండి కాలి వరకు నల్లని దుస్తులు తొడిగి, చేయి, తొడ, పిక్కల వెంట తెల్లని పట్టీలు, కీళ్ళ దగ్గర మెరిసే గుండీలు అమర్చారు. చిత్రంలో మనిషి మాయమై, గీతలూ చుక్కలూ మాత్రమే మిగిలాయి. ముఖం లేదు, కండ లేదు. తుంటి, మోకాలు, చీలమండ ఏ క్షణంలో ఎక్కడ ఉన్నాయో మాత్రం కొలబద్దతో కొలవగలిగినంత స్పష్టంగా తెలిసింది.

ఆ గీతలలో నడక ఒక అలలా కనిపించింది. ఒంటికాలిపై నిలిచిన నడిమి క్షణంలో శరీరం అన్నిటికంటే ఎత్తున ఉంటుంది. రెండు పాదాలూ నేలపై ఉన్నప్పుడు అన్నిటికంటే దిగువన ఉంటుంది. ఇలా శరీరాన్ని పదే పదే పైకెత్తడం కూడా పనే. దూరం నడిచేవానికి గాని, దూరం పరుగెత్తేవానికి గాని అనవసరంగా ఎగిరెగిరి పడటం వల్ల శ్రమ పెరుగుతుంది.

దీనికి తోడు మారే, దెమెనీ కలిసి మరొక సాధనం నిర్మించారు. అది మనిషి నిలబడే ఒక పలక. దాని కింద రబ్బరు గొట్టాలు చుట్టి ఉంటాయి. పాదాలు ఎంత ఒత్తిడి కలిగిస్తే ముల్లు అంత ఎత్తు లేస్తుంది. పలక మీద నిలిచినవాడు నిట్టనిలువుగా దూకితే ఆ గీత ఒక చిన్న కథ చెబుతుంది. ముందుగా అతడు మోకాళ్ళు వంచి కిందికి జారుతాడు. ఆ క్షణంలో ఒత్తిడి అతని బరువు కంటే తగ్గుతుంది. తరువాత కాళ్ళు చాపుతూ నేలను నొక్కుతాడు. అప్పుడు ఒత్తిడి బరువును మించిపోతుంది. పాదాలు లేవగానే అది సున్న అవుతుంది. తిరిగి నేలను తాకినప్పుడు ఒక్కసారిగా శిఖరంలా లేస్తుంది. మనం నేలను కిందికి నొక్కితే, నేల మనలను అంతే బలంతో పైకి తోస్తుంది. దూకడమంటే ఇంతే.

దిగే తీరును కూడా వారు చిత్రాలలో బంధించారు. మోకాళ్ళు వంచుతూ దిగినవాని శరీరం క్రమంగా ఆగుతుంది. కాళ్ళు బిగించి దిగినవాని శరీరం చప్పున ఆగుతుంది. ఆపవలసిన వేగం రెండు చోట్లా ఒకటే. దానిని ఎక్కువ కాలంలో ఆపితే దెబ్బ తక్కువ, తక్కువ కాలంలో ఆపితే దెబ్బ ఎక్కువ. ఆ దెబ్బ మడమ నుండి మోకాలికి, తుంటికి, వెన్నుకు పాకుతుంది. ఎగిరి వచ్చే బంతిని చేతులు వెనక్కి తీస్తూ పట్టుకోవడంలోని కిటుకు కూడా ఇదే. కసరత్తులో బిగదీసుకొని నిలవడమే క్రమశిక్షణ అనుకున్న కాలంలో, మోకాళ్ళు వంచడం సోమరితనం కాదని, శరీర రక్షణ అని ఆ చిత్రాలు తెలియజేశాయి.

ఇద్దరు మిత్రుల ఎడబాటు

1888లో మారే గాజుఫలకం వదలి, పొడవైన కాగితపు చుట్టపై వరుసగా చిత్రాలు తీసే పద్ధతిని కనిపెట్టి శాస్త్ర పరిషత్తుకు సమర్పించారు. కొద్దికాలానికే కాగితం స్థానంలో సెల్యులాయిడ్ ఫిల్ము వచ్చింది. సినిమా కెమెరాకు పూర్వరూపాలలో ఇదొకటి.

ఇక్కడే గురుశిష్యుల దారులు వేరుపడ్డాయి. దెమెనీ మాట్లాడే మనిషి పెదవుల కదలికను చిత్రించి, బధిరులకు పెదవుల భాష నేర్పేందుకు ఉపకరించే ఒక యంత్రాన్ని రూపొందించారు. దానిని వ్యాపారంగా విస్తరించాలని ఆయన ఆశించారు. మారేకు వ్యాపారం రుచించలేదు. ప్రభుత్వ ధనంతో నడిచే శాస్త్రకేంద్రం శాస్త్రానికే పరిమితం కావాలని ఆయన అభిప్రాయం. పన్నెండేళ్ళు కలిసి శ్రమించిన ఇద్దరూ 1894లో విడిపోయారు. దెమెనీకి ఉద్యోగం పోయింది. ఇందులో తప్పొప్పులు పూర్తిగా ఒకరివే అనడం కష్టం. కేంద్రం సాధించిన ఫలితాలలో దెమెనీ చెమట ఎంతో ఉన్నదన్నది మాత్రం నిజం. తరువాతి కాలంలో ఆయన సైనిక వ్యాయామ పాఠశాలలో బోధించి, బిగదీసిన కసరత్తులకు బదులు గుండ్రని, తెగని, సహజమైన కదలికలను ప్రచారం చేశారు.

1895లో లూమియేర్ సోదరులు పారిస్‌లో ప్రజలకు చలనచిత్రాలు ప్రదర్శించి ప్రపంచాన్ని ముగ్ధం చేశారు. మారే ఆ వైభవం వైపు పరుగెత్తలేదు. కన్ను మామూలుగా చూసేదానినే మళ్ళీ తెరపై చూపడం వల్ల విజ్ఞానానికి పెద్ద లాభం లేదని ఆయన భావించారు. కన్ను చూడలేనిదానిని చూపడమే ఆయన కోరిన పని.

పిల్లి నేర్పిన పాఠం

1894 అక్టోబరులో ఆయన శాస్త్ర పరిషత్తు ముందు కొన్ని చిత్రాలు ఉంచారు. పిల్లిని నాలుగు కాళ్ళు పైకి ఉండేటట్లు తలకిందులుగా పట్టుకొని వదిలితే, అది గాలిలోనే తిరిగి పాదాలపై దిగుతుంది. ఇది అందరూ ఎరిగినదే. వదిలే చేతిని తన్ని ఆ ఊతంతో తిరుగుతుందని చాలామంది నమ్మేవారు. ఊతం లేనిదే వస్తువు తిరగడం అసాధ్యమని వారి వాదం. చిత్రాలలో మాత్రం పిల్లి పడటం మొదలైనప్పుడు తిరుగుడు ఏమీ లేదు. తిరగడం గాలిలోనే మొదలైంది.

చిత్రాలను చూసి రహస్యం విప్పారు. పిల్లి తొలుత ముందుకాళ్ళను ముడుచుకొని, వెనుకకాళ్ళను చాపుతుంది. ముడుచుకొన్న ముందుభాగం సులభంగా తిరుగుతుంది. చాచిన వెనుకభాగం ఎదురుదిశలో కొద్దిగా మాత్రమే తిరుగుతుంది. ఆ తరువాత ముందుకాళ్ళు చాపి, వెనుకకాళ్ళు ముడిచి, మిగిలిన సగాన్ని తిప్పుకుంటుంది. శరీరం ముడిస్తే తిరగడం తేలిక, చాస్తే కష్టం అన్న సూత్రమే ఇది. నేడు ఎత్తయిన పలక మీద నుండి నీటిలోకి దూకే క్రీడాకారులు, జిమ్నాస్టిక్స్ చేసేవారు చేతులను, నడుమును ఒక క్రమంలో కదిలించి గాలిలో మెలి తిరగడంలోనూ ఈ సూత్రమే పనిచేస్తుంది.

1900, పారిస్ పోటీలు

1900లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. రెండవ ఒలింపిక్ క్రీడలు దానిలో భాగంగానే నడిచాయి. క్రీడలను శాస్త్రదృష్టితో పరిశీలించే సంఘానికి మారే నాయకత్వం వహించారు. అప్పటికి ఆయన వయసు 70 సంవత్సరాలు. అమెరికా నుండి వచ్చిన క్రీడాకారులు పోటీలలో పతకాలు పోగుచేసుకుంటూ ఉంటే, వారి మేలు కండబలంలో ఉన్నదా, కదిలే పద్ధతిలో ఉన్నదా అన్న ప్రశ్న తలెత్తింది. ఆ క్రీడలలో 60 మీటర్ల పరుగు, రెండు హర్డిల్స్ పందేలు, లాంగ్‌జంప్ గెలిచిన ఆల్విన్ క్రెంజ్‌లైన్‌ను, షాట్‌పుట్ విజేత రిచర్డ్ షెల్డన్‌ను పరిశోధన కేంద్రం కెమెరా చిత్రించింది. విజేతను పొగిడి ఊరుకోకుండా, అతడు గెలిచిన తీరును చిత్రం వెంట చిత్రంగా చదివే సంప్రదాయం అలా మొదలైంది. నేడు ప్రతి పెద్ద జట్టు వెంట వీడియో విశ్లేషకులు ఉండటానికి ఇది తొలి మెట్టు.

చివరి దినాలు, మిగిలిన సంపద

మారే 1895లో ఫ్రెంచి శాస్త్ర పరిషత్తుకు అధ్యక్షులయ్యారు. చివరి సంవత్సరాలలో గాలిలోకి పొగతీగలను వదిలి, అడ్డుపడిన వస్తువుల చుట్టూ గాలి ఎలా మలుపు తిరుగుతుందో చిత్రించారు. కొలత పరికరాలను అన్ని దేశాలవారూ ఒకే ప్రమాణంతో తయారుచేయాలన్న సంకల్పంతో ఆయన పేరుతో ఒక సంస్థ ఏర్పడింది. 1904 మే 15వ తేదీన ఆయన పారిస్‌లో కన్నుమూశారు. 1830లోనే జన్మించిన మైబ్రిడ్జ్ అంతకు ఒక వారం ముందే మరణించారు.

ఆయన పరిశోధన సాగిన స్థలం తరువాతి కాలంలో రోలాండ్ గారోస్ టెన్నిస్ మైదానాల విస్తరణలో కలిసిపోయింది. ఏటా ఫ్రెంచి ఓపెన్ జరిగేది అక్కడే. క్రీడాకారుని కదలికను తొలిసారిగా గీతలుగా చదివిన నేలపై నేటికీ క్రీడాకారులు పరుగెత్తుతూ ఉండటం విశేషం. ఆయన నల్లదుస్తులపై కుట్టించిన మెరిసే గుండీలే నేడు ప్రయోగశాలల్లో క్రీడాకారుల కీళ్ళపై అంటించే గుర్తులయ్యాయి. రబ్బరు గొట్టాల పలక స్థానంలో విద్యుత్తు పలకలు వచ్చాయి. అవి చదివే పాఠం మాత్రం మారలేదు.

తండ్రి కోరిన వైద్యం, తాను కోరిన యంత్రవిద్య రెండింటినీ వదులుకోకుండా కలుపుకోవడమే మారే జీవితంలోని విశేషం. శరీరాన్ని ఆజ్ఞాపించే ముందు దానిని చదవాలని ఆయన కృషి చాటింది. ఆ కృషి ఫలితాన్ని అందుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఊరి బడి ఆటస్థలంలో లాంగ్‌జంప్ గుంట దగ్గర ఒక ఇసుక గీత, ఒక కొలత టేపు చాలు. దూకే ముందు బాలిక ఎంత వంగింది, దిగేటప్పుడు మోకాళ్ళు వంచిందా, మడమలపై ధబాలున పడిందా అని గమనించి సరిదిద్దితే చాలు. ఆ పిల్ల మరికొంత దూరం దూకుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ మోకాళ్ళు ఆమెకు ముసలితనం దాకా అక్కరకు వస్తాయి.